చంటిబిడ్డతో బయల్దేరితే దారి ఎక్కడ తెగుతోంది? హైదరాబాద్ నగర అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగర పాలక సంస్థ, మెట్రో రైలు, ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసు, ఉద్యాన శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

ఈ లేఖను ఐదు శాఖలకు కలిపి రాయడానికి కారణం ఉంది. ఏడాది నిండని బిడ్డతో పార్కుకో, మ్యూజియానికో, చెరువుగట్టుకో బయల్దేరిన తల్లిదండ్రులకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఏ ఒక్క శాఖ పరిధిలోనూ పూర్తిగా ఉండవు. ఫుట్‌పాత్ ఒకరిది, రోడ్డు దాటించే బాధ్యత మరొకరిది, లిఫ్టు ఇంకొకరిది, పార్కు గేటు వేరొకరిది. కాగితాల మీద ఎవరి పని వారు చేసినట్టే ఉంటుంది కానీ, ఒకరి హద్దు ముగిసి ఇంకొకరి హద్దు మొదలయ్యే చోట దారి తెగిపోతుంది. ఏడు నెలల పాప ఉన్న మా ఇంట్లో ఈ మధ్య బయటికి వెళ్లాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా మొదట చర్చకు వచ్చేది ఎక్కడికి వెళదామన్నది కాదు, ఏ దారిలో ఎక్కడ ఆగిపోతామన్నది. అందుచేత నేను అడగబోయేది ఒక్కటే. నగరమంతటా సౌకర్యాలను చిలకరించే ముందు ఒక్క దారిని, మెట్రో స్టేషన్ కింది మెట్టు నుంచి పార్కులోని బెంచీ వరకు, ఎక్కడా తెగకుండా పూర్తిచేసి చూపించండి.

షికారు అనగానే అది తీరిక ఉన్నవారి సరదాగా తోచవచ్చు. కొత్తగా తల్లయిన ఆడమనిషి సంగతి ఒకసారి ఆలోచించండి. మన ఇళ్లలో కాన్పు సాధారణంగా పుట్టింట్లో జరుగుతుంది. ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యాక, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి, అంటే ఈ రోజుల్లో చాలామంది విషయంలో నగరంలోని రెండు గదుల ఫ్లాటుకు, తిరిగి వస్తుంది. అప్పటివరకు చుట్టూ ఉన్న అమ్మ, పిన్ని, ఇరుగుపొరుగు ఎవరూ ఉండరు. భర్త ఉదయం తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తాడు. పగలంతా బిడ్డ ఏడుపు, కుక్కర్ కూత, ఎదుటి ఫ్లాటు గోడ. అలాంటి మనిషికి వారానికి ఒక గంట చెట్ల కింద కూర్చోవడం సరదా లెక్కలోకి రాదు. పాప ఆకులను చూసి కాళ్లాడిస్తుంది, నిజమే. అయితే ఆ గంట ప్రధానంగా తల్లికి కావలసినది.

దీనికి ఇంకొక కారణం మన రాష్ట్రానికి ప్రత్యేకమైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశంలోని రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. అంత శాతం ఎందుకన్నది వేరే చర్చ, అవసరమైన చర్చ కూడా. ఈ లేఖకు సంబంధించినంతవరకు దాని అర్థం ఏమిటంటే, మన నగరంలో బిడ్డను ఎత్తుకొని నడుస్తున్న తల్లుల్లో సగానికి పైగా కడుపు మీద కుట్లు పడినవారు, బరువులెత్తవద్దనీ మెట్లు తగ్గించమనీ డాక్టర్లు చెప్పి పంపినవారు. వారి కోసం రోడ్డుకు అడ్డంగా మనం కట్టిపెట్టింది రెండంతస్తుల ఎత్తున్న పాదచారుల వంతెన. కొన్నిచోట్ల వాటికి లిఫ్టులు బిగించారు. పనిచేస్తున్న లిఫ్టును వెతుక్కుంటూ ఒక వంతెన నుంచి మరొక వంతెనకు నడవడం మెట్లెక్కడం కంటే తేలికేమీ కాదు. రోడ్డు నేలమట్టం మీదనే, సిగ్నలు దగ్గర, బిడ్డను ఎత్తుకున్న మనిషి నిదానంగా దాటేంత సేపు పచ్చదీపం ఉంటే ఆ వంతెన అవసరమే చాలాచోట్ల రాదు.

స్ట్రోలర్, అంటే బిడ్డను కూర్చోబెట్టి తోసుకెళ్లే చక్రాల బండి, సంగతికి వస్తాను. ఈ మాట వినగానే, ఇదేదో విదేశాల్లో ఉండి వచ్చినవాళ్ల గోల అనుకునేవారున్నారని నాకు తెలుసు. నగరంలో చంటిబిడ్డలున్న కుటుంబాల్లో స్ట్రోలర్ కొన్నవారు కొందరే. కొన్నవారిలో కూడా చాలామంది దాన్ని అపార్ట్‌మెంటు సెల్లారులో తిప్పడానికి మాత్రమే వాడుతున్నారు, గేటు దాటితే దాన్ని తోయడానికి చోటు లేదు కనుక. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో పాదచారుల సౌకర్యాలపై ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో అడ్డంకి లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు, ఎక్కేచోట ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి, అంటే పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు, ఉండాలి. ఆ కొలతలను పట్టుకొని మన వీధుల్లోకి వస్తే ఏం కనిపిస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ఫుట్‌పాత్ ఉన్నచోట అది మోకాలెత్తున ఉంటుంది, ప్రతి ఇంటి గేటు ముందు తెగి కిందికి దిగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. మిగిలిన జాగాలో బైకులుంటాయి. 2025 మే 14న సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌ను వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఆక్రమణలు తొలగించాలనీ వికలాంగులకు కూడా అనువుగా ఉండాలనీ ఆదేశించింది. చక్రాల కుర్చీ వెళ్లగలిగిన దారిలో స్ట్రోలర్ కూడా వెళుతుంది. ఆ తీర్పును సరిగా అమలు చేస్తే మా కోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు.

స్ట్రోలర్ లేని తల్లికి కావలసింది ర్యాంపు కంటే ముందు కూర్చునే చోటు. ఆరేడు కిలోల బిడ్డ ఒక చంకన, డైపర్ల సంచి మరో భుజాన ఉన్న మనిషి ఎంత దూరం నడవగలదో లెక్కవేసి, అంత దూరానికి ఒక బెంచీ, నీడ ఉన్న బెంచీ, ఉండాలని నగరంలో ఏ ప్రణాళికా చెప్పడం నేను వినలేదు. ఉన్న బస్‌షెల్టర్లలో కూడా కూర్చునే పలకను వాలుగా, సన్నగా బిగించే అలవాటు వచ్చింది. ఎవరూ పడుకోకూడదని అలా చేశారట. ఎవరూ కూర్చోలేకుండా కూడా పోయింది.

నడిచే దారి, కూర్చునే చోటు లేనప్పుడు జనం ఇంట్లో కూర్చోరు, స్కూటర్ తీస్తారు. మధ్యతరగతి కుటుంబానికి నగరంలో అన్నిటికంటే చవకైన, వేగమైన వాహనం అదే. భర్త నడుపుతుంటే భార్య వెనక ఒకవైపుకు తిరిగి కూర్చొని, ఒక చేత్తో బిడ్డను ఒడిలో అదుముకొని, మరో చేత్తో భర్త భుజం పట్టుకొని వెళ్లే దృశ్యం ఏ కూడలిలోనైనా కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధన ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లేటప్పుడు నడిపేవారికి కలిపి కట్టే రక్షణ పట్టీ ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవారికి తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. కార్ల విషయంలో 2019 సవరణ చట్టం పిల్లల రక్షణ సీటో బెల్టో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. ఫోనులో బుక్ చేసుకున్న క్యాబులో ఆ సీటు ఎక్కడైనా చూశారా? నియమం మంచిదే. దాన్ని పాటించాలనుకునేవారికి వేరే దారి చూపించకుండా చలానా ఒక్కటి పెడితే బిడ్డ క్షేమంగా ఉండదు. తల్లిదండ్రులను స్కూటర్ మీది నుంచి దింపే నమ్మకమైన మార్గం బస్సు, మెట్రో, నడక మూడింటినీ కలపడమే.

బస్సు గురించి కొంత వివరంగా చెప్పాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడవారికి చాలా సిటీ బస్సుల్లో ఖర్చు లేకుండా పోయింది. అది నిజంగా గొప్ప మేలు. పనికి వెళ్లే ఆడవారికి నెలకు ఎంత మిగులుతోందో మా ఇంట్లో పనిచేసే అమ్మ చెబుతూ ఉంటుంది. రద్దీ కూడా దానితోపాటే పెరిగింది, బస్సుల సంఖ్య అంతగా పెరగలేదన్నది ఎక్కేవారందరి అనుభవం. ఆ రద్దీలో చంటిబిడ్డతో ఎక్కే కుటుంబానికి ఏమవుతుందంటే, ముందు ద్వారం ఆడవారిది, వెనక ద్వారం మగవారిది కావడంతో, తల్లి బిడ్డతో ముందు నుంచి, తండ్రి సంచితో వెనక నుంచి ఎక్కుతారు. పాలసీసా తండ్రి దగ్గరుంటుంది, ఆకలేసిన బిడ్డ తల్లి దగ్గరుంటుంది, మధ్యలో యాభై మంది ఉంటారు. ఇది నవ్వులాటగా కనిపిస్తుంది కానీ, దిగాల్సిన స్టాపు వచ్చినప్పుడు ఇద్దరిలో ఒకరే దిగగలిగితే నవ్వు రాదు. చంటిబిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఇద్దరూ ముందు ద్వారం నుంచే ఎక్కవచ్చని, డ్రైవరు వెనుక ఉన్న ఒక సీటు వారిదేనని ఒక ఉత్తర్వు ఇవ్వడానికి, దాన్ని బస్సులో తెలుగులోను ఉర్దూలోను రాయించడానికి ఆర్టీసీకి పెద్ద ఖర్చు అవదు. ప్రయాణికుల మంచితనం గురించి నాకు ఫిర్యాదు లేదు. బిడ్డను చూడగానే లేచి సీటిచ్చేవారు, ఏడుస్తుంటే తాళంచెవుల గుత్తి ఆడించి నవ్వించేవారు ప్రతి బస్సులోనూ ఉంటారు. వారు కూడా నిలబడి ఉన్నప్పుడే చిక్కు.

పాలిచ్చే గదుల విషయంలో కోర్టు చెప్పవలసింది చెప్పింది. బహిరంగ స్థలాల్లో, పనిచేసే చోట్లలో పాలిచ్చే గదులు, శిశు సంరక్షణ గదులు ఏర్పాటు చేయాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ లేఖను మళ్లీ గుర్తుచేయాలనీ, ఇప్పటికే ఉన్న భవనాల్లో వీలైనంతవరకు, కట్టబోయే భవనాల్లో ముందుగానే చోటు కేటాయించి వీటిని అమలు చేయాలనీ సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 19న తీర్పు ఇచ్చింది. తమిళనాడు అంతకు పదేళ్ల ముందే, 2015లో, రాష్ట్రమంతటా బస్టాండ్లలో ఇలాంటి గదులు తెరిచింది. మన దగ్గర కూడా కొన్నిచోట్ల గదులున్నాయి. వాటి పరిస్థితి గది ఉందా లేదా అన్న లెక్కతో తెలియదు. తాళం ఎవరి దగ్గరుందో కావలివారికే తెలియని గది, లోపల చీపుర్లు, విరిగిన కుర్చీలు పేర్చిన గది, ఫ్యాను లేక మే నెలలో నిప్పుల కొలిమిలా ఉండే గది, ఇవన్నీ లెక్కల్లో గదులే. ఒక పెద్ద వాణిజ్య సముదాయంలో పాలిచ్చే చోటు ఎక్కడని అడిగితే, ఆడవారి టాయిలెట్ లోపలి మూలలో ఉన్న స్టూలు చూపించారు. నా భార్య ఆ మాట విని ఏమీ అనకుండా బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చొని, చున్నీ కప్పుకొని పాపకు పాలిచ్చింది. పెద్దలెవరినైనా టాయిలెట్లో కూర్చొని భోజనం చేయమంటే ఊరుకుంటారా?

తండ్రుల మాట కూడా చెప్పనివ్వండి, ఇందులో నా స్వార్థం ఉంది. డైపర్ మార్చే బల్ల ఎక్కడైనా ఉంటే అది ఆడవారి టాయిలెట్లోనే ఉంటుంది. దానితో రెండు సంగతులు జరుగుతాయి. తండ్రి ఒక్కడే బిడ్డతో బయటికి వస్తే పార్కు బెంచీ మీదో, కారు వెనక సీటులోనో, అరుగు మీదో ఆ పని చేయాలి. ఇద్దరూ కలిసి వస్తే, నాకు చేతనైనా సరే, ఆ పని ప్రతిసారీ నా భార్యకే పడుతుంది. తండ్రులు పిల్లల పనిలో చేయి వేయరని మన సమాజం మీద ఉన్న నిందలో కొంత సరైనదే. కనీసం చేయి వేయడానికి ముందుకొచ్చినవాడికి తలుపు మూయకుండా ఉండాలి. తల్లి, తండ్రి ఎవరైనా బిడ్డతో వెళ్లగలిగేలా విడిగా ఒక చిన్న గది, అందులో ఒక బల్ల, నీళ్ల కుళాయి, మూతున్న చెత్తబుట్ట ఉంటే చాలు. సోఫాలు, గోడల మీద కార్టూను బొమ్మలు వేయించి ప్రారంభోత్సవం చేయనక్కరలేదు.

చంటిపిల్లలున్నవారికి దారివ్వడం మనకు కొత్తగా నేర్పాల్సిన విషయమని నేను అనుకోను. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డలున్న తల్లిదండ్రులను గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టకుండా సుపథం మార్గంలో దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది. ఎక్కడికి రావాలో, ఏ పత్రం చూపాలో, ఎవరు లోపలికి పంపుతారో అక్కడ ముందే నిర్ణయమై ఉంటుంది, కనుక ఎవరి దయా అవసరం లేకుండా ఆ పని జరిగిపోతుంది. మన నగరంలో అలాంటి నిర్ణయం ఏ గేటు దగ్గరా లేదు. పార్కులనే తీసుకోండి. మోటారుసైకిళ్లు లోపలికి రాకుండా గేటు దగ్గర ఇనుప గొట్టాలను వంకరటింకరగా పాతుతున్నారు. ఉద్దేశం మంచిదే. వాటి మధ్య నుంచి స్ట్రోలర్ పోదు, చక్రాల కుర్చీ అసలే పోదు. పక్కనున్న పెద్ద గేటుకు తాళం వేసి ఉంటుంది. కావలివారిని అడిగితే కొందరు వెంటనే తీస్తారు, మరికొందరు పై అధికారి అనుమతి కావాలంటారు. వారిదీ తప్పు లేదు, వారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మధ్యాహ్నం పార్కులు మూసి ఉంచే పద్ధతి కూడా, చలికాలంలో పదకొండింటి ఎండ బిడ్డకు హాయిగా ఉండే రోజుల్లో, మరోసారి ఆలోచించదగినది. వీధికుక్కల భయం గురించి విడిగా రాయను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో ఒక పసివాడి ప్రాణం పోయాక దాని గురించి మీకు తెలియనిది లేదు.

ఇక నేను అడిగే ఆ ఒక్క దారి. దానికి నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ తోట తగిన చోటని నా అభిప్రాయం. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు నుంచి గానీ, మియాపూర్, కూకట్‌పల్లి వైపు నుంచి గానీ ఒకే మెట్రో లైనులో, మారవలసిన పని లేకుండా, అసెంబ్లీ స్టేషనులో దిగవచ్చు. నాంపల్లి రైల్వే స్టేషను కూడా దగ్గరే. తోటలో పెద్ద చెట్లున్నాయి, రాష్ట్ర మ్యూజియం ఉంది, పిల్లల కోసం జవహర్ బాలభవన్ ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన కారణం, పక్కనే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉంది. తన పరిచారిక ప్రసవంలో చనిపోవడం చూసి చలించిన నీలోఫర్ యువరాణి, ఏడో నిజాం కోడలు, చొరవతో 1953లో మొదలైన ఆ ఆసుపత్రికి ఈనాటికీ మహబూబ్‌నగర్ నుంచి, మెదక్ నుంచి, నల్లగొండ నుంచి పసిబిడ్డలతో తల్లులు వస్తారు. డాక్టరు పిలిచేదాకానో, రిపోర్టు వచ్చేదాకానో, తిరుగు బస్సు వేళయ్యేదాకానో వారు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. నా వంటివారు షికారుకు వాడుకునే దారే వారికి అవసరానికి పనికొస్తుంది. ఈ కోరిక డబ్బున్నవారి స్ట్రోలర్ల గురించి మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

ఆ దారిలో చేయవలసిన పనులు పెద్దవి కావు. స్టేషను లిఫ్టు దిగిన చోటి నుంచి ఫుట్‌పాత్ మీద బండ్లు నిలపకుండా ట్రాఫిక్ పోలీసులు చూడాలి. లిఫ్టు చెడిపోతే రైలు దిగక ముందే తెలిసేలా ఎక్కే ప్లాట్‌ఫారం మీద, రైలులో కూడా మెట్రోవారు చెప్పాలి. దిగాక తెలిసి ప్రయోజనం లేదు. నగర పాలక సంస్థ ఫుట్‌పాత్‌ను పై కొలతలకు తెచ్చి, దాని పక్కన నీడలో బెంచీలు వేయాలి. తోట గేటు దగ్గర గొట్టాల పక్కన స్ట్రోలర్, చక్రాల కుర్చీ పట్టేంత ఖాళీ వదిలి, లోపల నేను చెప్పినటువంటి చిన్న గది కట్టి, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో తలుపు మీద రాయాలి. ఇది పూర్తయి ఆరు నెలలు నడిస్తే, తర్వాత సంజీవయ్య పార్కుకో, జూపార్కుకో, శిల్పారామానికో ఏ దారి చేయాలో అనుభవమే చెబుతుంది. నగరానికి ఇంకా పెద్ద సమస్యలున్నాయన్న మాట నిజమే. వాన పడితే మునిగే బస్తీలున్నాయి, నీళ్లు రాని వీధులున్నాయి. ఈ పనికి వాటి నిధుల నుంచి తీసుకోవలసినంత డబ్బు పట్టదు. పట్టేదల్లా ఐదు శాఖలవారు ఒకే రోజు ఒకేచోటికి రావడం.

అందుకే చివరగా ఒక విన్నపం. ఒక ఆదివారం ఉదయం ఏడు గంటలకు, ఎండ ముదరక ముందు, మీ ఐదు శాఖల నుంచి ఒక్కొక్క అధికారి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను కిందికి రండి. స్ట్రోలర్ నేను తెస్తాను. పాపను అందులో కూర్చోబెట్టమని అడగను, ఎనిమిది కిలోల బియ్యం సంచి చాలు. అక్కడి నుంచి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం ముందు వరకు మీలో ఎవరో ఒకరు దాన్ని తోయండి. ఎక్కడెక్కడ ఆ స్ట్రోలర్‌ను చేతులతో ఎత్తవలసి వచ్చిందో, అక్కడ హద్దు ఏ శాఖదో, దాన్ని ఏ తేదీలోగా సరిచేస్తారో రాసుకొని, ఆ కాగితం మీద ఐదుగురూ సంతకం చేసి పత్రికలకు ఇవ్వండి.

ఇట్లు,
హైదరాబాద్ నగరవాసి,
ఏడు నెలల పాప తండ్రి